సైరన్ నోరు నొక్కిన కౌన్సిలరమ్మ

ఊళ్ళో వీధి దీపాలు ఆర్పించిన నాయకుల్ని మీరు చూసే ఉంటారు. కుళాయిలు కట్టేయించిన వాళ్ళనీ చూసే ఉంటారు. ఊరు మొత్తానికీ టైమే తెలియకుండా చేసిన మనిషిని చూశారా? చూడకపోతే ఇటు చూడండి. నేనే. ఇప్పుడు కళ్ళజోడు సర్దుకుంటూ కుట్టుమిషన్ ముందు కూర్చున్న నన్ను చూస్తే నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటారు. పాతికేళ్ళ వయసులో ఆ నాలుకతోనే ఒక మునిసిపాలిటీని అల్లకల్లోలం చేశాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఊరు నవ్వీ నవ్వీ ఎప్పుడో అలిసిపోయింది.

మాది రైల్వే గేటు అవతలి వార్డు. ఆ ఎన్నికల్లో అది ఆడవాళ్ళకి రిజర్వు అయింది. మా ఆయనకి మెయిన్ రోడ్డులో మోటార్ల వైండింగ్ షాపు. చుట్టుపక్కల పొలాల్లో ఏ మోటారు కాలినా ఆయన దగ్గరికే వస్తుంది కాబట్టి, ఆయన తెలియని మనిషి లేడు. ఆయన్ని నిలబెడదామనుకున్న పెద్దలు రిజర్వేషన్ దెబ్బకి నన్ను నిలబెట్టారు. పోస్టర్ మీద మా ఆయన బొమ్మ తలుపంత, నా బొమ్మ తాళంకప్పంత. అయినా గెలిచింది తాళంకప్పే.

"మీటింగుకి వెళ్ళు. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తు. సంతకం పెట్టమంటే పెట్టు. వచ్చెయ్. అంతే పని," అన్నాడు మా ఆయన.

మా అత్తయ్య ఒప్పుకోలేదు. "దేవుడు నోరిచ్చాడు కదమ్మాయ్. ఒక్కసారన్నా లేచి మాట్లాడిరా," అంది.

కోడలు అత్తగారి మాట వినడం ఎంత ప్రమాదమో నాకప్పుడే తెలిసింది.

ఇక అసలు సంగతికి ముందు మా సైరన్ గురించి చెప్పాలి. అది మునిసిపల్ ఆఫీసు డాబా మీద ఉండేది. ఊరంతా దాన్ని ‘కూత’ అనేవారు. చూలు గేదె మూలిగినట్టు మొదలై, మెల్లగా గొంతు పెంచుకుని, పత్తి మిల్లుల మీదుగా ఊరి చివరి పొలాల దాకా వెళ్ళి, అలసట తీర్చుకుంటూ మళ్ళీ మూలుగులోకి దిగేది. తెల్లవారుజామున కూత పడితే పొయ్యిలు వెలిగేవి. మధ్యాహ్నం పడితే క్యారేజీలు విప్పేవాళ్ళు. సాయంత్రం పడితే మిరపకాయల షెడ్లలో పని ఆగేది. మా అత్తయ్య బీపీ మాత్ర కూడా దాని అనుమతి లేనిదే గొంతు దిగేది కాదు. అన్నిటికీ మించి, ఆ సైరన్ మోటారుకి మొదట వైండింగ్ చుట్టింది మా మామగారు. ఆయన పోయాక దాని మంచీ చెడ్డా మా ఆయనే చూసేవాడు. కౌన్సిలరు భర్త బిల్లు తీసుకోకూడదని, నేను గెలిచాక ఆ పని ఉత్తినే చేసేవాడు.

ఇన్ని తెలిసీ ఆ పని చేశాను చూడండి, అదీ నా ప్రతిభ.

ఆ ఏడు మిర్చి ధర పాతాళానికి పడిపోయింది. పత్తి తీత వేళకి వానలు పట్టుకుని పత్తి నల్లబడింది. రైతు చేతిలో డబ్బాడకపోతే మా ఊళ్ళో బట్టల షాపులో ఫ్యాన్ కూడా తిరగదు. షాపులు పన్ను కట్టడం మానేశాయి. బడ్జెట్ మీటింగులో కమిషనర్ గారు లేచి, ఇంట్లో ఎవరికో బాగాలేదన్నంత నెమ్మదిగా, "ఖర్చులు తగ్గించుకోక తప్పదండీ," అన్నారు.

"తగ్గించాల్సిందే!" అని అందరూ బల్లలు చరిచారు.

ఎక్కడ తగ్గించాలన్నది వచ్చేసరికి, ప్రతి కౌన్సిలరూ పక్క వార్డు వైపు చూశాడు. దీపాలంటే దీపాల వాళ్ళు లేచారు. కాలవలంటే కాలవల వాళ్ళు లేచారు. పార్కులో ఫౌంటెన్ సంగతి వచ్చింది. అది కట్టిన రోజు చిమ్మిందంతే, మళ్ళీ చిమ్మలేదు.

"పనిచెయ్యని ఫౌంటెన్‌కి మెయింటెనెన్స్ ఏమిటండీ?" అని ఎవరో అడిగారు.

"పనిచెయ్యకపోయినా కనిపెట్టుకుని ఉండాలి కదండీ!" అన్నాడు ఆ వార్డు కౌన్సిలరు, సొంత బిడ్డని ఏదో అన్నట్టు.

చివరికి వేలు మా వార్డు మీదికి వచ్చింది. మాకు కుళాయిలు లేవు. వేసవి వస్తే ట్యాంకరు నీళ్ళే గతి. ఆ ట్యాంకర్లని సగానికి తగ్గిద్దామన్నారు. ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడే మనుషులంతా కళ్ళ ముందు మెదిలారు. అత్తయ్య మాట గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను.

"అధ్యక్షా! మా వార్డు ఆడపడుచుల తరఫున..."

సరిగ్గా మా నెత్తిమీద గేదె మూలిగింది. మధ్యాహ్నపు కూత! మూలుగు అరుపైంది. అరుపు హోరైంది. కిటికీ రెక్కలు అదిరాయి. నేను ఆపలేదు. ఆపితే మళ్ళీ ధైర్యం వస్తుందో రాదోనని, చేతులు ఊపుతూ, బల్ల చరుస్తూ, జీవితంలో నా మొదటి ఉపన్యాసం మొత్తం ఆ హోరులో ఇచ్చేశాను. నా మాట నాకే వినపడలేదు.

కూత ఆగింది. చైర్మన్ గారు చిరునవ్వుతో, "చాలా బాగా మాట్లాడారమ్మా సుజాత గారూ. ఇక కూర్చోండి," అన్నారు.

హాలంతా గొల్లున నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వేలెత్తి పైకప్పు వైపు చూపించాను.

"ముందు దాన్ని తగ్గించండి! ఈ రోజుల్లో సెల్ ఫోన్ లేని ఇల్లుందా? టైము చెప్పడానికి కరెంటు ఖర్చు, మనిషి జీతం, మోటారు రిపేర్లు! తాగే నీళ్ళు ఆపుతారు గానీ ఆ అరుపు ఆపలేరా?"

మోటారు రిపేరు మా ఆయన ఉత్తినే చేస్తున్నాడన్న సంగతి ఆ ఊపులో మర్చిపోయాను.

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు నా తెలివికని చాలా ఏళ్ళు అనుకున్నాను. తర్వాత అర్థమైంది. సైరన్‌కి వార్డు లేదు, ఓటు లేదు. దాన్ని కోస్తే ఎవరికీ నొప్పి లేదు.

ఒక్క మస్తాన్ వలి గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. బజారులో దుప్పట్లు, తువ్వాళ్ళ దుకాణం ఆయనది, చీరాల నుంచి సరుకు తెచ్చేవారు. కౌన్సిల్లో అందరికంటే పెద్దాయన. నేను బాబాయ్ గారూ అనేదాన్ని.

"అమ్మాయ్, సెల్ ఫోను ఎవరిది వాళ్ళదే. కూత అందరిదీ. ఇంకోసారి ఆలోచించుకో," అన్నారు.

"ఆలోచించే చెప్పాను బాబాయ్ గారూ!" అన్నాను. పచ్చి అబద్ధం.

తీర్మానం నెగ్గింది. మర్నాడు జిల్లా పేపర్లో ‘పొదుపు బాట పట్టిన మునిసిపాలిటీ’ అని వేశారు. ఫోటో మాత్రం చైర్మన్ గారిది. ఆ పేపరు తీసుకుని ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. మా ఆయన అన్నం ముందు కూర్చున్నాడు.

"ట్యాంకర్లు ఆగలేదుగా?" అన్నాడు.

"ఆగలేదు!"

"మంచిదే," అన్నాడు. కూర వేసుకోవడం మర్చిపోయి ఉత్త అన్నం తిని లేచాడు. మా అత్తయ్య అలా కాదు.

"నీకు నోరుందని మాట్లాడమన్నాను గానీ, దాని నోరు నొక్కమన్నానా? అది మీ మామయ్య చేతి పని," అంది. అని మాత్ర వేసుకోవడానికి కూత కోసం చూసి, రాదని గుర్తొచ్చి, మాత్ర మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

కూత లేని మొదటి తెల్లవారుజాము నాకింకా గుర్తుంది. ఎంత నిశ్శబ్దమంటే, నిద్రలోనే ఏదో పోయినట్టు అనిపించింది. ఎప్పుడూ అందరికంటే ముందు లేచే అత్తయ్య, ఎండ మొహాన పడితే గానీ లేవలేదు. పాలబ్బాయి రాలేదు. ఇడ్లీ హోటలాయన పిండి పులిసి గిన్నె దాటాక నిద్ర లేచాడట. ఇంతకాలం కూతతో సరిపెట్టుకుని బతికిన ఊరి గడియారాలన్నిటికీ స్వాతంత్ర్యం వచ్చింది. మందుల షాపు గడియారం ఒకటి చెబితే, బ్యాంకు గడియారం ఇంకోటి చెప్పింది. బస్టాండు గడియారం ఎప్పట్నుంచో ఆగిపోయి ఉంది. దానికి మాత్రం ఏ గొడవా లేదు.

నేను బజారుకి వెళితే కూరగాయలమ్మే ఆవిడ, "కౌన్సిలరమ్మా, టైమెంతమ్మా?" అనేది. అడిగేది టైము కోసం కాదని ఆ మూతి విరుపే చెప్పేది. పక్కావిడ అందుకునేది. వారం తిరక్కుండా నాకు ‘టైమమ్మ’ అని పేరు స్థిరపడింది.

ఇదంతా సరదా భాగం. అసలు దెబ్బ ఒక సాయంత్రం మా వీధిలోకి నడిచొచ్చింది. మా వార్డు ఆడవాళ్ళు, షెడ్లలో మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు, పని నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. ముందు నాగేంద్రమ్మ. ఎన్నికల్లో నాకోసం ఇల్లిల్లూ తిరిగిన మనిషి. వాళ్ళ చీరల నిండా, జుట్టు నిండా మిరపఘాటు. గడప దాటారో లేదో ఇల్లంతా తుమ్ములు మొదలయ్యాయి.

"ఏమ్మా, నీకు ఓటేసింది మా పొద్దు గుంజుకోటానికా?" అంది నాగేంద్రమ్మ.

"నేనేం... హాచ్! ...చేశాను నాగేంద్రమ్మా?"

"కూత పడితే లేచి దులుపుకుని పోయేవాళ్ళం. ఎవురూ ఆపేవాళ్ళు కాదు. ఇప్పుడేమో ఓనరు గోడమీద గడియారం చూపిత్తన్నాడు. ఆ గడియారం మజ్జాన్నం దాకా బాగానే నడుత్తది. సాయంత్రమయ్యేసరికి కాళ్ళీడుత్తది. పొద్దుగూకినా ఇంకా టైము గాలేదంటాడు. ఇంటికాడ పిల్లలు గుమ్మంలో కూచుంటన్నారు."

"ఫోన్లో చూసుకో... హాచ్! ...చూసుకోవచ్చుగా?"

నాగేంద్రమ్మ తన రెండు చేతులూ నా మొహం ముందు చాపింది. ఎర్రగా మండుతున్నాయి. "ఈ చేతుల్తో ఫోను తీయమంటావా? తీసి, చెవికాడ పెట్టుకోమంటావా? నువ్వు పెట్టుకుని చూపీ, మేవూ నేర్చుకుంటాం."

అవతలి గదిలోంచి అత్తయ్య తుమ్ముతూనే, "బాగా... హాచ్! ...గడ్డిపెట్టు నాగేంద్రమ్మా!" అంది. మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. మిరపఘాటుకో, నవ్వుకో తెలియలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ట్యాంకరు నీళ్ళు నిలబెట్టానని మురిసిపోతున్నాను. ఆ నీళ్ళు పట్టుకోవాల్సిన మనుషుల సాయంత్రాలే పోగొట్టాను.

మర్నాడు పొద్దున్నే కమిషనర్ గారి దగ్గరికి పరిగెత్తాను.

"తీర్మానం అయ్యాక కొన్ని నెలల దాకా దాన్ని కదపకూడదమ్మా. అత్యవసరం అనుకుంటే చైర్మన్ గారు మీటింగు పిలవాలి," అన్నారాయన.

చైర్మన్ గారు పేపరు కటింగ్‌ని అద్దాల ఫ్రేములో పెట్టించి గోడకి కొట్టిస్తున్నారు. "ఇప్పుడిప్పుడే మంచి పేరొచ్చిందమ్మా. అప్పుడే మాట మారిస్తే ఏం బావుంటుంది?" అన్నారు, మేకు సరిచూసుకుంటూ.

చేసింది నేను కాబట్టి తిప్పలూ నేనే పడాలనుకున్నాను. కోటేశు ఆటో మాట్లాడాను. నా ఎన్నికల ప్రచారం చేసిన ఆటోయే, పైన మైకు ఇంకా ఉంది. రోజూ సాయంత్రం షెడ్ల ముందు ఆగి, మైకులో టైము చెప్పడం నా పథకం. అంత చిన్న పనిలో తప్పు ఎక్కడ జరుగుతుంది చెప్పండి?

మొదటి సాయంత్రం షెడ్ల ముందు ఆటో ఆగింది. మైకు పట్టుకున్నాను.

"అమ్మలారా, అక్కలారా! ఇప్పుడు సమయం అయి... అయి... హాచ్!"

మైకులో తుమ్ము ఎలా ఉంటుందో మీరు విన్నారా? టపాకాయ పేలినట్టు ఉంటుంది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తుమ్మాను. అక్కడి గాలే మిరపకాయ. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు కారుతున్నాయి. మాట పెగలక, "ఏదో ఒకటి వెయ్యి!" అని కోటేశుకి సైగ చేశాను. వాడు మీట నొక్కాడు.

"మీ ఇంటి ఆడపడుచు, మీ వార్డు ముద్దుబిడ్డ సుజాతకే మీ అమూల్యమైన ఓటు!"

పాత ప్రచారం రికార్డింగు! ఆపరా అందామంటే తుమ్ములు వదలడం లేదు. ఇంతలో షెడ్డు గేటు తెరుచుకుంది. నాగేంద్రమ్మా వాళ్ళూ నవ్వుకుంటూ, చీరలు దులుపుకుంటూ బయటికి వచ్చేశారు. ఓనరు ఏదో అనబోతే, "కౌన్సిలరమ్మ పిలుత్తాంది, పోవాలి!" అని దాటిపోయారు.

పని జరిగింది! ఇక రోజూ అదే. సాయంత్రమయ్యేసరికి కోటేశు ఆటో, ‘మీ ఇంటి ఆడపడుచు’. ఆడవాళ్ళు లేచి వచ్చేసేవాళ్ళు. నేను మూతికి తువ్వాలు చుట్టుకుని వెనక సీట్లో కూర్చునేదాన్ని. చంబల్ లోయ బందిపోటు ఓట్లడగడానికి వచ్చినట్టు ఉండేదాన్ని.

నాకు తట్టనిదల్లా ఒక్కటే. మైకు షెడ్ల ముందు పాడినా, చెవులు ఊరంతా ఉంటాయి.

"ఎలక్షన్లంటగా?" అన్నాడు ఇడ్లీ హోటలాయన. మధ్యాహ్నానికి ఆ మాట బస్టాండు చేరింది. సాయంత్రానికి కౌన్సిలు రద్దయిందన్నారు. నా మీద ఓడిపోయినావిడ గోడల మీద గుర్తు వేయించడం మొదలుపెట్టింది. మా వీధిలో ఒకాయన నన్నాపి, "ఈసారి ఏమిస్తున్నారమ్మా?" అని నిర్మొహమాటంగా అడిగాడు.

"టైము ఇస్తున్నానండీ," అన్నాను.

"పోయినసారి చీరలన్నా ఇచ్చారు," అని నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

ఈ వార్త చైర్మన్ గారి చెవిన పడేసరికి దానికి కొమ్ములూ తోకా మొలిచాయి. నేను కొంతమంది కౌన్సిలర్లని కూడగట్టి ఆయన్ని దింపేయబోతున్నానట! లేకపోతే ఎన్నికలు లేని రోజుల్లో పనిమాలా ప్రచారం ఎందుకు చేసుకుంటుంది? ఆయనకి నిద్ర పట్టలేదట. వెంటనే అత్యవసర సమావేశం పిలిచారు.

హాల్లో గాలి బిగుసుకుపోయి ఉంది. చైర్మన్ గారి మొహం పాలిపోయి ఉంది. "సుజాత గారూ, నేను మీకేం అన్యాయం చేశానమ్మా? నేరుగా అడుగుతున్నాను. మీ వెనక ఎంతమంది ఉన్నారు?"

"షెడ్డుకి ముప్ఫై నలభై మంది ఉంటారండీ," అన్నాను అమాయకంగా.

ఆయన కుర్చీ పట్టుకున్నారు. మస్తాన్ వలి గారు గడ్డం నిమురుకుంటూ, "ముందు అమ్మాయిని మొత్తం చెప్పనివ్వండి. ఈసారి పైన అరిచేది కూడా లేదుగా," అన్నారు.

చెప్పాను. ఓనరు గడియారం, నాగేంద్రమ్మ చేతులు, గుమ్మంలో ఎదురుచూసే పిల్లలు, నా తుమ్ములు, కోటేశు నొక్కిన మీట, అన్నీ చెప్పాను. "తప్పు నాదే. కోపంలో మాట్లాడాను. కూత మళ్ళీ పెట్టించండి. మా ట్యాంకర్ల జోలికి మాత్రం రాకండి," అన్నాను.

చైర్మన్ గారు నవ్వడం మొదలుపెట్టారు. కుర్చీ మిగిలిందన్న సంతోషం కూడా కలిసిందేమో, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు. "ఇంతేనా? కూతేనా? పెట్టించెయ్యండి!" అన్నారు. ఆ ఊపులో ఫౌంటెన్ మెయింటెనెన్స్ కూడా కొట్టేశారు. ఆ వార్డాయన పెదవి కదిపేలోపే తీర్మానం నెగ్గింది. నేను సిగ్గుతో నేల చూస్తుంటే, మస్తాన్ వలి గారు పక్కకి వచ్చి, "మొదటిసారి ఆలోచించకుండా మాట్లాడావు, పర్లేదు. రెండోసారి నిజం మాట్లాడావు. చాలామంది రెండోసారి లేవనే లేవరమ్మాయ్," అన్నారు. ఇప్పుడాయన లేరు. ఆ దుకాణం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ మాట వినపడుతుంది.

కూత మళ్ళీ మొదలెట్టడానికి చైర్మన్ గారు ముహూర్తం పెట్టించారు. పదిన్నరకి మంచి ఘడియ ఉందట. ఆఫీసు ముందు షామియానా వేశారు. అత్తయ్య కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మా ఆయన పొద్దుటి నుంచీ డాబా మీదే ఉన్నాడు. దుమ్ము తుడిచి, నూనె పోసి, వాళ్ళ నాన్న చుట్టిన మోటారుని పెళ్ళికొడుకులా తయారుచేశాడు. నేను మెట్లెక్కి పైకి వెళ్తే, నన్ను చూసి నవ్వాడు. సైరన్ ఆగిన దగ్గర్నుంచి ఆ నవ్వు నేను చూడలేదు.

"స్విచ్ సుజాత గారే నొక్కాలి!" అని కింద నుంచి చైర్మన్ గారు.

"ఒక్క నిమిషం ఆగు. స్టార్టరు ఇంకా చూడలేదు," అన్నాడు మా ఆయన.

ఆగాలి. మనిషన్నాక ఆగాలి. కింద చప్పట్లు మొదలయ్యాయి. నా సంగతి మీకు తెలుసుగా, చప్పట్లు వినపడితే నా బుర్ర పనిచెయ్యదు. నొక్కేశాను.

గేదె మూలిగింది. గొంతు పెంచింది. హోరెత్తింది. అందరి మొహాలూ వెలిగిపోయాయి. అత్తయ్య చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. ఇక దిగాలి కదా, దిగలేదు. స్విచ్ పైకి లాగాను. స్టార్టరు పట్టేసింది. కూత ఆగదే! మా ఆయన నా వైపు తిరిగి ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్క వినపడలేదు. అది నా అదృష్టం. కింద చైర్మన్ గారు రెండు చేతులూ ఊపుతున్నారు. అదొక శుభాకాంక్ష అనుకుని నేనూ ఊపాను.

ఊరికేం తెలుసు? కూత పడింది, అంతే. బళ్ళో పిల్లలు సంచులు తగిలించుకుని ఇళ్ళకి పరిగెత్తారు. బ్యాంకు వాళ్ళు భోజనాలకి లేచారు. ఇంకా ఆగకపోయేసరికి ఎక్కడో నిప్పంటుకుందని జనం బిందెలతో బయల్దేరారు. ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వచ్చి మా షామియానా ముందే ఆగింది. మిరపకాయల షెడ్లన్నీ ఖాళీ అయ్యాయి. చివరికి మా ఆయన ఫ్యూజు పీకితే, అది మూలుగుతూ, మూలుగుతూ చల్లబడింది.

ఆ నిశ్శబ్దంలో డాబా అంచు దాకా వచ్చి కిందికి చూశాను. ఊరంతా అక్కడే ఉంది. ముందు వరసలో నాగేంద్రమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని, తల పైకెత్తి చూస్తోంది.

"ఏమ్మా!" అని కేకేసింది. "ఇన్నాళ్ళూ గుంజుకున్న పొద్దంతా ఒక్కపాలే ఇచ్చేశావా?"

ఆ రోజు షెడ్లలో మళ్ళీ ఎవరూ పనికి పోలేదు. పదిన్నరకే ఊరికి సాయంత్రమైంది.

అందుకే, మా ఆయన చేతిలో ఫ్యూజు సాక్షిగా, షామియానా ముందు ఫైరింజన్ సాక్షిగా, అత్తయ్య కొత్త చీర సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మోగేదాన్ని ఆపను, ఆగినదాన్ని మోగించను. మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా, ఈ రోజుకీ లేచి వెళ్ళి పొయ్యి ఆపేది మా ఆయనే.